పద్దెనిమిదేండ్లు నిండిన బిడ్డయెడ తల్లిదండ్రుల ఆర్థిక బాధ్యత

(అండమాన్ దీవులలో తపాలా ఉద్యోగుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు ఇచ్చిన విషయము పైకి చూచుటకు మన సంఘపు పనికి సంబంధించినదిగా తోచదు. ఇది వేతన శ్రేణిని గూర్చినది కాదు, బదిలీలను గూర్చినది కాదు. బిడ్డకు పద్దెనిమిదేండ్లు నిండిన తరువాత తల్లిదండ్రులు చట్టరీత్యా ఎంతవరకు భరింపవలెను, ఎచట వారి బాధ్యత ముగియును అనునదియే ప్రశ్న. కాని ఈ సభలో కూర్చున్నవారిలో నలుబదేండ్లు దాటిన ప్రతి ఉద్యోగి ఇంటిలోను ఈ ప్రశ్న కూర్చుండియున్నది. దీనికి సరియైన జవాబు తెలియకపోవుటచే కొందరు చెల్లింపనక్కరలేని అప్పును చెల్లించుచున్నారు. మరికొందరు తమ బిడ్డకు న్యాయముగా రావలసినదానిని పోగొట్టుకొనుచున్నారు. కావున ఇది సంఘపు విషయమే.

ఈ దీవులలో రైలు పట్టా లేదు. ఐనను ఈ ప్రసంగమును బులెటిన్‌లో చదువబోవు రైల్వే సోదరులు తమది కాదని పుట త్రిప్పరాదని మనవి. ఇచట పన్నెండవ తరగతి ముగించిన బిడ్డ ఓడ దిగగనే ఎక్కునది మీ రైలే. మీకును మాకును నియమములు ఇంచుమించు ఒక్కటియే, కష్టమును ఒక్కటియే.

పద్దెనిమిది అను గీత

ముందుగా ఈ పద్దెనిమిది ఎచటినుండి వచ్చినదో చూతము. 1875 నాటి భారత వయోజనత్వ చట్టము ఈ వయస్సును నిర్ణయించినది. అయితే న్యాయస్థానము సంరక్షకుని నియమించిన పిల్లల విషయమున మాత్రము అది ఇరువదియొక్క సంవత్సరములుగా ఉండెడిది. 1999లో ఆ భేదమును తొలగించి అందరికిని పద్దెనిమిదిగనే చేసినారు.

ఈ గీతకు ఇవతల ఉన్న బిడ్డ చేసిన ఒప్పందము చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిల్ కలకత్తా నగరపు ఒక తాకట్టు వ్యవహారములో ఈ సంగతిని నిర్ధారించినది. నేడు మన దీవులపై అధికారము గల ఉన్నత న్యాయస్థానమును ఆ కలకత్తాలోనిదే, దాని సర్క్యూట్ బెంచి ఇచట కూర్చుండుచున్నది. గీత దాటిన మరునాడు ఆ బిడ్డ సంతకము పూర్తిగా ఆతనిదే, లేక ఆమెదే. దానివలన వచ్చు లాభనష్టములును వారివే.

తపాలా ఉద్యోగులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సుకన్య సమృద్ధి ఖాతా 2015లో వచ్చినది. పదేండ్లలోపు ఆడపిల్ల పేర సంరక్షకుడు తెరచిన ఖాతా, ఆ పిల్లకు పద్దెనిమిది నిండగనే ఆమె చేతికి వచ్చును. పై చదువునకై నిల్వలో సగమువరకు తీసికొనుటకు అవకాశము కలదు. పాసుపుస్తకము చేతులు మారు ఆ దినమున కౌంటరు వెనుక మనము చూచు మార్పే ఇంటిలోను జరుగుచున్నది. కాని ఇంటిలో దానికి ముద్ర వేయువారు లేరు.

గీతకు ఇవతల తల్లిదండ్రుల బాధ్యత ఎంత కఠినమో ఒక్క ఉదాహరణ చెప్పెదను. పద్దెనిమిది నిండని పిల్లవాడు స్కూటరు నడిపి నేరము చేసినచో, 2019లో మోటారు వాహన చట్టమున చేర్చిన నిబంధన ప్రకారము సంరక్షకుడు గాని వాహన యజమాని గాని దోషిగా భావింపబడును. మూడేండ్లవరకు ఖైదు, ఇరువది అయిదు వేల రూపాయల జుల్మానా, వాహనపు రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దు. అది తనకు తెలియకుండ జరిగినదని గాని, ఆపుటకు తగిన జాగ్రత్త అంతయు వహించితినని గాని సంరక్షకుడే నిరూపించుకొనవలెను. ప్రభుత్వోద్యోగికి ఖైదు శిక్ష అనగా ఉద్యోగముపై పడు దెబ్బయని వేరుగ చెప్పవలయునా?

భరణము : చట్టము ఏమనుచున్నది?

ఇక ప్రధాన ప్రశ్న. పద్దెనిమిది దాటిన బిడ్డను పోషింపవలసిన బాధ్యత చట్టరీత్యా ఉన్నదా? సామాన్యముగా లేదు. కాని దీనికి మూడు మినహాయింపులు కలవు. మన ఇండ్లలో పెక్కింటికి సంబంధించునవి ఈ మినహాయింపులే.

భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు భరణమిప్పించు నిబంధన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షనుగ ఉండెడిది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదియే 144వ సెక్షను. ఇది మతభేదము లేక అందరికిని వర్తించును. తగిన స్తోమత ఉండియు పోషింపని తండ్రిపై మేజిస్ట్రేటు వద్ద దరఖాస్తు పెట్టవచ్చును. ఒకప్పుడు ఎంత ఆర్జించువాడైనను నెలకు అయిదు వందల రూపాయలకు మించి ఇప్పించుటకు వీలులేకుండెడిది. 2001లో ఆ పరిమితిని ఎత్తివేసినారు. ఆజ్ఞను మీరినవానికి, బాకీపడిన ఒక్కొక్క నెలకు ఒక నెలవరకు ఖైదు విధింపవచ్చును.

ఈ సెక్షను క్రింద తన్ను తాను పోషించుకొనలేని బిడ్డకు భరణము పద్దెనిమిది నిండువరకే. మొదటి మినహాయింపు ఇచటనే కలదు. శారీరక లేక మానసిక వైకల్యముచే గాని, గాయముచే గాని తన్ను తాను పోషించుకొనలేని బిడ్డకు, వివాహితయైన కుమార్తె కానంతవరకు, ఈ వయఃపరిమితి లేదు. అట్టి బిడ్డకు నలుబదేండ్లు వచ్చినను హక్కు నిలిచియే యుండును.

రెండవ మినహాయింపు అవివాహితయైన కుమార్తె. 1956 నాటి హిందూ దత్తత, భరణముల చట్టము 20వ సెక్షను ప్రకారము, తన సంపాదనతో గాని ఆస్తితో గాని జీవింపలేని అవివాహిత కుమార్తెను తల్లిదండ్రులు పోషింపవలెను. వయస్సుతో నిమిత్తము లేదు. ఆ చట్టమున భరణమనగా కూడు, గుడ్డ, గూడు మాత్రమే కాదు. చదువు, వైద్యము గూడ అందు చేరును. అవివాహిత కుమార్తె విషయమున తగుమాత్రపు వివాహవ్యయమును చేరును. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ రెండు చట్టముల నడుమనున్న భేదమును విశదపరచినది. వైకల్యము లేని వయోజన కుమార్తె మేజిస్ట్రేటు వద్ద క్రిమినల్ చట్టము క్రింద కోరుటకు వీలులేదు. 1956 చట్టము క్రింద కోరవచ్చును. అనగా హక్కు ఉన్నది, కాని దానికి పోవు ద్వారము వేరు. ద్వారము తప్పినవారు హక్కు లేదని తలచి వెనుదిరుగుచున్నారు.

ముస్లిము సోదరుల విషయమున 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కలదు. విడాకులు జరిగినను తండ్రికి స్తోమత ఉన్నయెడల కుమారులను వయోజనులగువరకును, కుమార్తెలను వివాహమగువరకును పోషింపవలసిన బాధ్యత తప్పదని అందు చెప్పబడినది. నికోబారీ సోదరుల సంగతి వేరు. 1956 చట్టము, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. వారికి తుహెత్ అను ఉమ్మడి కుటుంబ వ్యవస్థ కలదు. అందు తోటయును, బాధ్యతయును బంధువర్గమంతటికి చెందినవి. మన మైదాన ప్రాంతపు చట్టము ఒక్క తండ్రి జీతమువైపు చూడగా, ఆ వ్యవస్థ కుదురు మొత్తమును చూచును. ఎవరి పద్ధతి గొప్పదని కాదు, పిల్లను పెంచు భారము ఒంటివాని దనుట ఎల్లెడల సహజము కాదని గ్రహింతము.

మూడవ మినహాయింపు న్యాయస్థానముల వలన క్రమక్రమముగ ఏర్పడుచున్నది. వైకల్యము లేని, పద్దెనిమిది దాటిన కుమారునికి చట్టమున భరణపు హక్కు లేదు. ఐనను 2021లో కర్ణాటకకు చెందిన ఒక ప్రభుత్వోద్యోగి కేసులో, నేటి దినములలో పద్దెనిమిదేండ్లతో చదువు ముగియుట లేదని గుర్తించి, కుమారుని తొలి డిగ్రీ ముగియువరకు తండ్రి చెల్లింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ తీర్పుతో చట్టము అక్షరము మారలేదు. ప్రతి కేసులోను అట్లే జరుగునని ఎవరును హామీ ఇయ్యజాలరు. కాని గాలి ఎటు వీచుచున్నదో తెలియుచున్నది.

ఇచట ఒక మాట. ఈ వ్యాజ్యములు సామాన్యముగ తల్లిదండ్రులు విడిపోయిన ఇండ్లలోనివి. మన సోదరీమణులలో భర్త వదలివేయగా తమ జీతముతోనే పిల్లలను చదివించువారు కలరు. వారు ఒక సంగతి తెలిసికొనవలెను. స్త్రీలకును, పిల్లలకును, వికలాంగులకును 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయము పొందు అర్హత కలదు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము భరణము దరఖాస్తు పెట్టిన తేదీ నుండియే ఇప్పింపవలెను. ఇరుపక్షములును తమ ఆస్తులు, ఆదాయము ప్రమాణపత్రమున తెలుపవలెను. కావున దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలయు నష్టమే.

జీతముపై జప్తు

ఉద్యోగి అడుగు తరువాతి ప్రశ్న, నా జీతములో ఎంత పోవును అని. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను దీనికి జవాబు చెప్పుచున్నది. సామాన్యమైన అప్పు డిక్రీయైనచో జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తునకు లోబడవు. భరణపు డిక్రీయైనచో జీతములో మూడింట ఒక వంతుకే రక్షణ. తేడాను గమనింపుడు. అప్పులవాడు వచ్చినప్పుడు చట్టము ఉద్యోగి పక్షమున నిలిచి జీతములో ఎక్కువ భాగమును కాపాడుచున్నది. భార్యయో బిడ్డయో వచ్చినప్పుడు వారి పక్షమునకు పోవుచున్నది. భవిష్యనిధి నిల్వను, ప్రభుత్వ పింఛనును అప్పులవాడు జప్తు చేయింపజాలడు. ఈ రక్షణలు మనకు ఊరక రాలేదు. కష్టజీవి ఇంటిలో పొయ్యి ఆరరాదన్న తలంపుతో ఏర్పడినవి.

పూచీ సంతకము

వయోజనుడైన కుమారుడు చేసిన అప్పునకు తండ్రి బాధ్యుడా? కాడు. కుమారుడు తన పేర తీసికొన్న మోటారు సైకిలు అప్పు, చీటీ బాకీ, సెల్‌ఫోనులో క్షణములో దొరకు ఋణము, ఇవి ఏవియు తండ్రి జీతమునకు అంటవు. వసూలుకు వచ్చినవారు ఆఫీసు గుమ్మములో నిలబడి పరువు తీయుదుమని బెదరించినను, ఆ బెదిరింపునకు చట్టబలము లేదు. పరువునకు జడిసి చెల్లించిన తండ్రులు పెక్కురు కలరు. వారు చెల్లించినది ప్రేమచే కావచ్చును, చట్టముచే కాదు.

కాని తండ్రి పూచీ సంతకము చేసెనా, కథ మారును. 1872 నాటి ఒప్పందముల చట్టము 128వ సెక్షను ప్రకారము పూచీదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. ముందు కుమారుని అడిగి, ఆతనివలన రాకున్నప్పుడే నా వద్దకు రండని తండ్రి అనజాలడు. బ్యాంకు నేరుగ ఆయన వద్దకే రావచ్చును. విద్యాఋణములలో తల్లి గాని తండ్రి గాని సామాన్యముగ సహ ఋణగ్రస్తులుగ సంతకము చేయుదురు. చదువు ముగిసిన తరువాత మరియొక సంవత్సరము వరకు వాయిదాలు ఉండవు గాని, ఆ కాలమునకు గూడ వడ్డీ లెక్కింపబడుచునే యుండును. తండ్రి విరమణ చేయు సంవత్సరమును, వాయిదాలు ప్రారంభమగు సంవత్సరమును ఒక్కటియే యగుట మన ఇండ్లలో అరుదు కాదు. సంతకము చేయుటకు ముందు ఈ రెండు సంవత్సరములను ఒక కాగితముపై ప్రక్క ప్రక్కన వ్రాసి చూడుడు. ఋణము తీసికొనవలదని నా ఉద్దేశము కాదు. చదువునకై చేసిన అప్పు పెండ్లికై చేసిన అప్పుకంటె ఎన్నో రెట్లు మేలు. తెలిసి సంతకము చేయుడని మాత్రమే నా మనవి.

మన సహకార పరపతి సంఘములలోను ఇదియే న్యాయము. తోటి ఉద్యోగి కుమారుని చదువునకై అప్పు చేయుచున్నాడని స్నేహముకొలది పూచీ పడుచున్నాము. స్నేహము మంచిదే. కాని సంఘమునకు బాకీపడినది స్నేహితుడైనను, వసూలు మన జీతములోనుండియు జరుగవచ్చును.

వికలాంగ బిడ్డ

ఈ ప్రసంగమంతటిలో మీరు ఒక్క భాగమునే జ్ఞాపకముంచుకొనగలిగినచో, ఈ భాగమును ఉంచుకొనుడు. బుద్ధిమాంద్యము గాని, ఆటిజము గాని, సెరిబ్రల్ పాల్సీ గాని ఉన్న బిడ్డకు పద్దెనిమిది నిండిన దినమున తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము చట్టరీత్యా ముగియును. ఈ సంగతి పెక్కురకు తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా స్థాయి సమితికి దరఖాస్తు పెట్టి తల్లినో తండ్రినో సంరక్షకులుగ నియమింపజేసికొనవలెను.

కుటుంబ పింఛనులో అట్టి బిడ్డకు జీవితాంతము హక్కు కలదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారము, ఆ బిడ్డకు ఇతర మార్గములలో వచ్చు ఆదాయము సామాన్య రేటున రావలసిన కుటుంబ పింఛనుకంటె, అనగా మరణించిన ఉద్యోగి చివరి జీతములో నూటికి ముప్పది వంతులు, దానిపై కరవు భృతి కలిపినదానికంటె, తక్కువైనచో చాలును. ఐతే కాగితములు తండ్రి బ్రతికియుండగనే సిద్ధము కావలెను. వైకల్య ధ్రువపత్రము తీసికొనుడు. కుటుంబ వివరముల పత్రమున బిడ్డ పేరు వ్రాయించుడు, అది సేవా పుస్తకమునకు చేరినదో లేదో మీ కంటితో చూచుకొనుడు. తల్లియు తండ్రియు పోయిన పిమ్మట, మాటలాడలేని బిడ్డను వెంటబెట్టుకొని ఎవరో ఒక మేనమామ కార్యాలయముల చుట్టు తిరుగు దుస్థితి రాకూడదు.

ఒకే బిడ్డకు అయిదు వయస్సులు

ఇక మన సేవా నిబంధనలలో బిడ్డ ఎప్పుడు పెద్దవాడగుచున్నాడో చూడుడు.

పిల్లల విద్యాభత్యము ఇద్దరు పిల్లలకు, పన్నెండవ తరగతి వరకే. 2024 జనవరి 1 నుండి అది బిడ్డ ఒక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు. హాస్టలు సబ్సిడీ 8,437 రూపాయల 50 పైసలు, అదియు పన్నెండు వరకే. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్‌లోనో ఐ.టి.ఐ.లోనో చేరినవారికి తొలి రెండేండ్లకు లభించును. డిగ్రీకి ఒక్క పైసయు లేదు.

రైల్వే పాసునకు కుమారుని వయఃపరిమితి ఇరువదియొక్కటి. గుర్తింపుగల విద్యాసంస్థలో చదువుచున్నచో దాని తరువాత గూడ చెల్లును. అవివాహిత కుమార్తెకు వయఃపరిమితి లేదు. వైద్య సౌకర్యమునకు కుమారుడు ఇరువదియైదు నిండువరకో, సంపాదన ప్రారంభించువరకో, ఏది ముందైన అదియే. కుటుంబ పింఛనులో కుమారునికి ఇరువదియైదు. అవివాహిత, విధవ, విడాకులు పొందిన కుమార్తెలకు, నిబంధనలకు లోబడి, అటుపిమ్మట గూడ కలదు. నెల ఆదాయము 9,000 రూపాయలు, దానిపై కరవు భృతి దాటరాదు. ఇక భరణపు చట్టమున పద్దెనిమిది.

కావున ఒకే యింటిలోని ఒకే కుమారుడు చట్టమునకు పద్దెనిమిదింట పెద్దవాడు. విద్యాభత్యమునకు పన్నెండవ తరగతి పరీక్షతో పెద్దవాడు. రైలు పెట్టెలో ఇరువదియొకటింట పెద్దవాడు. డిస్పెన్సరీలో ఇరువదియైదింట పెద్దవాడు. తల్లి దృష్టిలో ఎన్నటికిని కాడు. నవ్వవలసిన మాటయే గాని, ఇందు ఒక సత్యము కలదు. ప్రభుత్వము తానే ఇరువదియైదేండ్ల కుమారుని తండ్రిపై ఆధారపడినవానిగ మూడుచోట్ల అంగీకరించుచున్నది. అట్టి కుమారుని చదువునకు తోడ్పడవలసి వచ్చినప్పుడు మాత్రము పన్నెండవ తరగతితో చేయి విడుచుచున్నది.

ద్వీపవాసి భారము

ఈ చేయి విడుచుట అందరికంటె ద్వీపవాసికి ఎక్కువ బాధాకరము. 2011 జనగణన నాటికి ఈ దీవుల జనాభా 3,80,581. అందు నూటికి సుమారు పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి వచ్చి కూలిపనులలో, చేపల వేటలో, ప్రభుత్వోద్యోగములలో స్థిరపడిన కుటుంబములే ఇందు అధికము. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురముగ పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము 1967 నుండి కలదు. మాయాబందర్‌లో మహాత్మాగాంధీ కళాశాల కలదు. వైద్య కళాశాల 2015లో వచ్చినది. ఇవి మన భాగ్యమే. కాని కోరిన కోర్సు ఇచట లేకున్నను, సీటు దొరకకున్నను, బిడ్డ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము దాటి విశాఖకో చెన్నపట్నమునకో కలకత్తాకో పోవలెను.

మైదానములో ఉన్న తండ్రి కుమారుని బస్సు పాసుతో కళాశాలకు పంపగలడు. ద్వీపములోని తండ్రికి ఆ వెసులుబాటు లేదు. బిడ్డకు పద్దెనిమిది నిండిన ఏడాదియే హాస్టలు ఖర్చు, ఓడ ఛార్జీ, తొందరపడి రావలసివచ్చిన విమానపు టిక్కెట్టు, అన్నియు ఒక్కమారే మీదపడును. హాస్టలు సబ్సిడీ సరిగ్గా ఆ సంవత్సరముననే ఆగిపోవును. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. ఈ దీవులలో ఉద్యోగి మూడవదానిని చేర్చవలెను, ఓడ ఎక్కించి చదివించి చూడు అని.

వేతన సూత్రములో ఈ బిడ్డ ఏడీ?

ఇపుడు అసలు సంఘపు విషయమునకు వచ్చెదను. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సదస్సు అవసరాధార కనీస వేతనమునకు సూత్రము నిర్ణయించినది. ఆర్జించువాడు ఒక్కడు, ఆతని కుటుంబము మూడు వినియోగ యూనిట్లు. మగవానికి ఒకటి, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు తలకు 0.6 చొప్పున 1.2. బట్ట కుటుంబమునకు సాలుకు 72 గజములు. 1968 సెప్టెంబరు 19న కేంద్రప్రభుత్వోద్యోగులు చేసిన సమ్మెలో ఈ కనీస వేతనమే ముఖ్యమైన కోర్కె. 1991లో సుప్రీంకోర్టు ఒక కర్మాగారపు కార్మికుల కేసులో, పిల్లల చదువు, వైద్యము, ఉత్సవములు, వృద్ధాప్యము, వివాహములు మొదలగువానికై మరియొక నూటికి ఇరువదియైదు చేర్చవలెనని చెప్పినది.

ఏడవ వేతన సంఘము 2015లో ఈ సూత్రముననుసరించియే 18,000 రూపాయల కనీస వేతనమును లెక్క కట్టినది. కాని చదువునకును వైద్యమునకును వేరుగ భత్యములు, సౌకర్యములు కలవని చెప్పి, ఆ ఇరువదియైదును పదునైదునకు తగ్గించినది. ఇచటనే గొయ్యి ఉన్నది. చదువునకు భత్యము కలదని వేతనములో కోసినారు. ఆ భత్యమేమో పన్నెండవ తరగతితో ఆగినది. డిగ్రీ చదువు బిడ్డ ఖర్చు వేతనములోను లేదు, భత్యములోను లేదు. సూత్రములో ఆ బిడ్డ ఇంకను 0.6 యూనిట్లు భుజించు పసివాడుగనే యున్నాడు. పందొమ్మిదేండ్ల కుర్రవాడు ఎంత అన్నము తినునో ఈ సభలోని తల్లులను అడిగి చూడుడు.

న్యాయస్థానము తండ్రితో, తొలి డిగ్రీవరకు చదివింపుము అనుచున్నది. ప్రభుత్వము యజమానిగా ఆ తండ్రితో, పన్నెండుతో నా బాధ్యత తీరినది అనుచున్నది. ఒకే రాజ్యపు రెండు నోళ్లు ఇట్లు రెండు మాటలాడుట తగునా? 2025 నవంబరులో ఎనిమిదవ వేతన సంఘము ఏర్పడినది. ఈ మాటను దాని ముందు ఉంచవలసిన బాధ్యత మనది.

నా అభిప్రాయములో మన కోర్కెలు నాలుగు. విద్యాభత్యము తొలి డిగ్రీ లేక డిప్లొమా ముగియువరకు సాగవలెను. ద్వీపములనుండి మైదానమునకు పోయి చదువు బిడ్డకు హాస్టలు సబ్సిడీయు, సంవత్సరమునకొక రాకపోకల ఖర్చును ఇయ్యవలెను. వినియోగ యూనిట్లను వయోజనుడైన విద్యార్థిని, వృద్ధులైన తల్లిదండ్రులను లెక్కలోనికి తీసికొని సవరింపవలెను. నాలుగవది, 2004 తరువాత చేరిన సోదరుల విషయము. ఏకీకృత పింఛను పథకము 2025 ఏప్రిల్ 1 నుండి వచ్చినది. అందు విరమణానంతరము ఉద్యోగి మరణించినచో కుటుంబ చెల్లింపు జీవిత భాగస్వామికే గాని, వికలాంగ బిడ్డకు కాదు. పాత పింఛనులో ఉన్న ఈ జీవితాంతపు రక్షణ క్రొత్త తరమునకును రావలెను.

ఇంటిలో మాట

చివరగా ఇంటి సంగతి. తల్లిదండ్రుల స్వార్జితమగు ఇంటిలో వయోజనుడైన కుమారునికి హక్కుగా నివాసము లేదని, వారి దయవలననే కలదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పినది. మరియొక ప్రక్క, తల్లిదండ్రులను పోషింపవలసిన బాధ్యత పెద్దలైన పిల్లలపై కలదు. 1956 చట్టమును, భరణపు సెక్షనును, 2007 నాటి వయోవృద్ధుల చట్టమును ఈ మాటనే చెప్పుచున్నవి. వివాహితయైన కుమార్తెకును ఈ బాధ్యత కలదని 1987లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బాధ్యత ఒకవైపు పారు కాలువ కాదు, పోటుపాటులు రెండును గల సముద్రము వంటిది.

ఐనను ఈ సెక్షనులన్నియు ఇల్లు విరిగిన తరువాత పనికివచ్చునవి. విరగక మునుపు పనికివచ్చునది మాట. బిడ్డకు పదునేడు నిండగనే ఒక సాయంకాలము కూర్చుండబెట్టి మీ జీతపు చీటీని చేతికిండు. భవిష్యనిధి ఎంత, సహకార సంఘపు వాయిదా ఎంత, చెల్లెలి చదువునకు ఎంత మిగులునో చూపుడు. నేను ఇంతవరకు మోయగలను, ఇచటినుండి నీ ఋణము, నీ సంతకము అని స్పష్టముగ చెప్పుడు. కుమారునికి ఎంత చెప్పుదురో కుమార్తెకును అంతయే చెప్పుడు. నిజము తెలిసిన బిడ్డ ఓడ ఎక్కునప్పుడు బరువుతో పోవును గాని, భ్రమతో పోడు.

మన బిడ్డలను ఎంతకాలము భరింపవలెనో చట్టము చెప్పినది. ఎంతకాలము ప్రేమింపవలెనో ఎవరును చెప్పనక్కరలేదు. ఈ రెండింటి నడుమనున్న ఖర్చును ఒక్క జీతము మోయలేదు. దానిని లెక్కలోనికి తెప్పించుట సంఘము పని. ప్రతి శాఖయు ఈ నాలుగు కోర్కెలపై చర్చించి, తమ తీర్మానమును కేంద్ర కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాను.